నీడపట్టు పని

చిరిగిన చోటును చిరగనట్టు చేయడమే ఆమె పని. దానికి రఫ్ఫు అని పేరు. చొక్కా మేకుకు తగులుకుని చీరుకుపోయినా, కోటును పురుగు కొరికినా, ప్యాంటు మీద నిప్పురవ్వ పడినా ఆ బట్ట చివరికి ఆమె ఒడిలోకి వస్తుంది. పడుగు ఎటు పోతోందో, పేక ఎటు పోతోందో వేలి కొసతో తడిమి చూసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్క పోగునే దాటిస్తూ, దించుతూ, చిరుగు నోరు మూసుకునేదాకా అల్లుకుపోతుంది. పని బాగా కుదిరిందంటే దాన్ని ఎవరూ చూడలేరన్నమాట. పాతికేళ్లుగా ఆమె ఎవరికీ కనపడని పని చేస్తోంది. దుకాణంలో అందరూ రఫ్ఫక్క అంటారు.

దుకాణం ఒక చెప్పుల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే కింది నుంచి కొత్త తోలు వాసన, పై నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వచ్చి సగం మెట్ల దగ్గర కలుసుకుంటాయి. లోపల పని చేసేది నలుగురే. కత్తెర పట్టే మాస్టారు, దుకాణం ఆయనదే. గోడవారగా నిలబడి ఇస్త్రీ చేసే మనిషిని అందరూ బాబాయ్ అంటారు. గుండీలు, కాజాలు, హుక్కులు, లూపులు చూసుకునే పెద్దావిడ గుండీల అత్త. అరవై దాటాయి గానీ, సూదిలోకి దారం ఎక్కించమని ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. నాలుగో మనిషి రఫ్ఫక్క, దక్షిణం కిటికీ పక్కన.

ఆ కిటికీ చోటు ఊరికే రాలేదు. పదేళ్లు లోపలి మూల ముక్కాలి పీట మీద కూచుని చిన్నా చితకా చిరుగులు కుట్టాక, పాత రఫ్ఫు ముసలాయన చూపు మందగించి మానేశాక వచ్చింది. పెద్ద అద్దాల కిటికీ అది. పొద్దున తొమ్మిదింటికి ఎండ ఆమె మోచేతి దగ్గర మొదలై, సాయంత్రం దాకా నెమ్మదిగా ఒంటి మీదుగా నడిచిపోయేది. ఆ వెలుతురులో బట్ట తన పోగులన్నీ విప్పి చెప్పేది. నలుపని తెచ్చిన కోటు నిజానికి నీలమని, తెలుపని తెచ్చిన చొక్కాలో పాలమీగడ రంగు దాగుందని ఆ కిటికీయే చెప్పేది. రఫ్ఫు చేసేవాళ్లకి అంతకు మించిన చోటు ఉండదు.

ఐదేళ్ల కిందట ముందుగా వేళ్లు మొరాయించాయి. పొద్దున్నే లేచేసరికి చేతివేళ్లు తనవి కానట్టు బిగుసుకుపోయి ఉండేవి. వాళ్లాయన తెల్లారకముందే బ్రెడ్డు బండి తోలుకెళ్లి, ఇళ్లకు, కొట్లకు వేసి ఏడింటికి తిరిగొస్తాడు. రాగానే వేడినీళ్ల గ్లాసు ఆమె రెండు చేతుల మధ్య పెట్టి, పైన తన చేతులు కప్పి కూచునేవాడు. ఊరందరి చిరుగులు మూసే మనిషికి తన రవికె గుండీలు తనకు పెట్టుకోవడం రాకుండా పోయింది. అవి ఆయనే పెట్టేవాడు, ఎప్పుడూ ఒక కాజా తప్పించి.

తర్వాత ముఖం మీద ఎర్రటి మచ్చ లేచింది. ముక్కుకు అటూ ఇటూ, చెంపల మీదికి.

"ఏంటే, రంగు పూసుకొచ్చావా?" అంది గుండీల అత్త మొదటిరోజు.

"ఎండ తగిలిందేమో అత్తా."

"బస్సు దిగి మెట్లెక్కడానికి నీకు ఎండేంటే, మహారాణీ."

మందుల కొట్టులో ఇచ్చిన ఆయింట్‌మెంట్లు రెండేళ్లు తిన్నాయి ఆమెను. ఒకరు ఎలర్జీ అన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు మనసులో ఏదో పెట్టుకున్నావన్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్లంతా నీళ్లలో నానిన దుప్పటిలా బరువెక్కేది. కళ్లు మూసుకుంటే బద్ధకమన్నారు. ఆమె కూడా కొన్నాళ్లు అదే అనుకుంది. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఒకరోజు పని పోతుంది. పని పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకని వచ్చే వారం, వచ్చే నెల అంటూ జరుపుకుంటూ వచ్చింది. చివరికి ఒకరోజు మెట్ల మధ్యలో, తోలు వాసనా ఆవిరి వాసనా కలుసుకునే చోట, కూలబడిపోతే బాబాయ్ ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

అక్కడ డాక్టరమ్మ జబ్బుకు పేరు చెప్పింది. లూపస్. ఒంటిని కాపాడాల్సిన కాపలాయే దారి తప్పి, ఒంటి మీదికే తిరగబడుతుందట. పూర్తిగా పోదు, మందులతో అదుపులో ఉంటుందట.

మర్నాడు ఆ పేరు దుకాణంలో పడగానే గుండీల అత్త సూది ఆపేసింది. "లూపా? గుండీకి వేసే లూపా?"

"లూపస్ అత్తా."

"అదే. నలభై ఏళ్లుగా లూపులు కుడుతున్నా, వస్తే గిస్తే నాకు రావాలి గానీ, నీకెందుకొచ్చిందే?"

బాబాయ్ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. రఫ్ఫక్క కూడా నవ్వింది. జబ్బు పేరు విన్నాక మొదటిసారి నవ్వడం. ఆ రోజు నుంచి ఆ దుకాణంలో దాని పేరు లూపే. "ఇవాళ నీ లూపు ఎలా ఉంది, జారిందా, బిగిసిందా?" అని అడిగేది అత్త.

అసలు తప్పు జరిగింది ఆసుపత్రిలో. మొదటిరోజు సిస్టర్ ఫైలు నింపుతూ అడిగింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"కుట్టుపనండీ. రఫ్ఫు."

"ఈ జబ్బుకి ఎండ పడదు. ఎండలో తిరిగే పనేమన్నా ఉందా?"

"అయ్యో, లేదండీ. నీడపట్టున కూచుని చేసే పనే."

అది అబద్ధం కాదు. ఎండ అంటే ఆమెకు రోడ్డు మీద మండేది, తారు కరిగించేది. నెత్తి మీద కప్పు ఉండి, కూచోవడానికి కుర్చీ ఉన్న పనిని ఆమె ఎరిగిన వాళ్లందరూ నీడపట్టు పని అనే అంటారు. వాళ్లమ్మ ఆ మాటను వరంలా పలికేది. నా కూతురు నాలాగా ఇటుకలు మొయ్యదు, నీడపట్టున కూచుంటుంది అని. ఆ మాటే సిస్టర్ కలం కిందికి వెళ్లి, ఫైలు మొదటి పేజీలో పనికి ఎదురుగా కుదురుగా కూచుంది.

రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు రాసుకోమని ఒక క్రీము కూడా ఇచ్చారు. ఆమె శ్రద్ధగా రాసుకునేది. బస్సు దిగి మెట్లెక్కగానే కుళాయి దగ్గర ముఖమూ చేతులూ శుభ్రంగా కడిగేసుకునేది. జిడ్డు చేత్తో ఎవరి కోటు పట్టుకుంటుంది? ఒక్క వేలిముద్ర పడితే పట్టు బట్ట పాడైపోదూ? అలా కడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, కిటికీ పక్కన కూచునేది. మూడేళ్లు.

ఆ మూడేళ్లూ జబ్బు తగ్గడం, మళ్లీ లేవడం. మచ్చ ఎడమ చెంప మీదే ఎక్కువగా ఉంటోందని డాక్టరమ్మ గమనించి, ఎడమవైపు తిరిగి పడుకుంటావా అని అడిగింది. అవునంది రఫ్ఫక్క. అదీ అబద్ధం కాదు. మాత్రలు అయిపోయినా, ఆసుపత్రిలో ఈ జబ్బు వాళ్లకు మందులిచ్చే బుధవారం దాకా, ఒక్కోసారి ఆ పై బుధవారం దాకా ఆగేది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు, తిడతారని.

ఈ ఏడాది వేసవి మొదట్లో డాక్టరమ్మ రిపోర్టును రెండుసార్లు చదివింది.

"మూత్రంలో ప్రోటీను పోతోంది. కిడ్నీల దాకా వచ్చిందమ్మా. మందు పెంచుతున్నాను. మూడు నెలల్లో తగ్గకపోతే ఆసుపత్రిలో ఉంచి పెద్ద మందులు ఇవ్వాలి. అప్పుడు ఈ పని మానెయ్యాల్సిందే."

ఆ రోజు బస్సులో ఆమె తన వేళ్ల వైపు చూసుకుంటూ వచ్చింది. కిడ్నీలు ఎక్కడుంటాయో ఆమెకు సరిగ్గా తెలియదు. పని మానెయ్యడమంటే ఏమిటో మాత్రం తెలుసు. అంటే ఆ వేళ్లు ఇక ఎవరివో కావడం.

రెండు వారాలు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఎండ ఆమె భుజం మీదికి ఎక్కిన వేళ, ఆ సిస్టర్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ముదురు నీలం ఉన్ని స్వెట్టర్. మోచేతి దగ్గర పురుగు కొరికిన కన్నం. ఎవరో చెబితే మంచి రఫ్ఫు చేస్తారని వెతుక్కుంటూ వచ్చింది తప్ప, ఎవరు చేస్తారో ఆమెకు తెలియదు.

"మా అమ్మ అల్లింది. పారెయ్యలేను..." అంటూ తలెత్తి చూసింది. ఆగిపోయింది.

రఫ్ఫక్క లేచి నిలబడింది. "మీరా సిస్టర్! రండి, కూచోండి."

సిస్టర్ కూచోలేదు. కిటికీ వంక చూసింది. ఎండలో మెరుస్తున్న ఎడమ చేతిని, ఎడమ చెంపను చూసింది. "ఎన్నాళ్లనుంచి కూచుంటున్నావ్ ఇక్కడ?"

"పదిహేనేళ్లండీ."

"రోజంతా?"

"వెలుతురున్నంతసేపు."

"ఇదా నీ నీడపట్టు?"

దుకాణంలో కత్తెర ఆగింది. ఇస్త్రీ ఆగింది. సిస్టర్ గొంతు తగ్గించి, అద్దంలోంచి వచ్చే ఎండ కూడా ఎండేనని, చుర్రుమనకపోయినా చేసేది చేస్తుందని చెప్పింది. "నీడపట్టు అని రాసింది నేనే. ఎక్కడ కూచుంటావని ఒక్కమాట అడగలేదు. తప్పు నాది."

"మీ తప్పేం లేదండీ. నేనేగా చెప్పాను."

తప్పు నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటుంటే గుండీల అత్త కల్పించుకుంది. "ఆ తప్పేదో ఇద్దరూ చెరో సగం పంచుకుని, ముందు ఆ పిల్లని అక్కణ్నుంచి లేపండమ్మా!"

లేపారు. మాస్టారు ఆ సాయంత్రమే కిటికీ అద్దాలకు పాత క్యాలెండర్లు అంటించారు. మర్నాటికి దుకాణమంతా మబ్బు పట్టినట్టయింది. గుండీల అత్త కాజా పక్కన కాజా కుట్టింది. కాయితాలు పీకేసి, రఫ్ఫక్క తనే లోపలి మూలకు జరిగింది. ఒకప్పటి పీట చోటుకే. మాస్టారు అక్కడ ఎల్‌ఈడీ దీపం పెట్టించారు.

దీపం పోగుల్ని చూపించింది గానీ రంగుల్ని దాచుకుంది. లోపలి మడతలో పోగులు దొరికిన బట్టలతో ఇబ్బంది లేదు, వాటి రంగు వాటికే ఉంటుంది. దొరకనప్పుడు డబ్బాలోని రీళ్లలోంచి వెతుక్కోవాలి. వారం తిరక్కుండా, నల్లకోటని అనుకుని నల్ల దారంతో చేసిన రఫ్ఫును ఒకాయన వీధిలో వెలుతురుకు పట్టి చూసుకుని, అట్నించటే తిరిగొచ్చాడు. కోటు నీలం.

"ఇదేంటమ్మా, ఎలక కొరికిన చోట ఈగ వాలినట్టు!"

పాతికేళ్లలో మొదటిసారి ఆమె పని ఎవరికో కనపడింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పని కోసం కిటికీ దగ్గరికి వెళ్తే కిడ్నీ పోతుంది, కిడ్నీ కోసం మూలకు వెళ్తే పని పోతోంది. వాళ్లాయన వేడినీళ్ల గ్లాసు పట్టుకొచ్చాడు. "ఇవాళ వేళ్లతో పనేముందిలే" అందామె. ఆయన అలవాటు ప్రకారం చేతులు కప్పి కూచున్నాడు.

మూడోరోజు పొద్దున తలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యవే, మోకాళ్లు పడిపోతున్నాయ్!"

గుండీల అత్త. రెండు బస్సులు మారి వచ్చింది. చంకలో దుకాణంలోని రీళ్ల డబ్బా.

"అత్తా! ఎందుకొచ్చావ్ ఇంత దూరం?"

"నీ మొహం చూద్దామని. చూశా. అంత బాలేదు. మంచినీళ్లియ్యి."

నీళ్లు తాగి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, కాసేపు రొప్పి అంది: "నీ చెయ్యి పోలేదు. వెలుతురు పోయిందంతే. నాకు వెలుతురు పడుతుంది, చెయ్యే నీ అంత ఆడదు. కిటికీ దగ్గర నేను కూచుంటా. రంగు నేను చూసి ఇస్తా, నువ్వు మూల కూచుని కుట్టు. ఇద్దరం కలిస్తే ఒక రఫ్ఫు మనిషి అవుతాం."

"నీ గుండీలో?"

"గుండీలు కిటికీ దగ్గర ఊడిపోతాయా ఏంటి?"

"నా చోట్లో కూచుంటావా అత్తా?" అంది రఫ్ఫక్క.

"పదిహేనేళ్లుగా ఆ చోటు మీద కన్నేసి కూచున్నానే. నువ్వు పోతే గానీ దొరకదనుకున్నా. బతికుండగానే ఇచ్చావ్, చల్లగా ఉండు."

రఫ్ఫక్క నవ్వింది, ఏడ్చింది, ఏది ముందో ఆమెకే తెలియలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లాయన మాత్రం గబగబా వంటింట్లోకి వెళ్లి, అవసరం లేని గిన్నె ఒకటి తోమడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ ముందు పట్టిన పని సిస్టర్ స్వెట్టర్. అది నేత కాదు, అల్లిక. పడుగూ పేకా ఉండవు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాంట్లోంచి ఇంకోటి.

"చూశావా, ఇదీ లూపులే" అంది అత్త కిటికీ దగ్గర్నుంచి. "ఒకటి జారితే కింద వరసంతా జారుతుంది."

"ముందు రంగు చెప్పత్తా."

"సిరా నీలం కాదు. రాత్రి నీలమూ కాదు. తడిసిన పావురం మెడ."

"ఎండలోనా, మబ్బులోనా?"

"మబ్బులో. వేషాలేస్తున్నావా నా దగ్గర?"

ఆ రీలు చేతులు మారి, బాబాయ్ మీదుగా మూలకు వచ్చింది. అలా వాళ్లిద్దరి మధ్య ఒక భాష పుట్టింది. నలుపులోనే ఐదు: కాకి, తారు, బొగ్గు, పాత గొడుగు, కొత్త గొడుగు. తెలుపులో ఎన్నో వాళ్లు ఇంకా లెక్క తేల్చలేదు.

బాబాయ్ సైకిల్ మీద ఆసుపత్రి ముందునుంచే వస్తాడు. "చూపించుకోవాల్సిన రోజున నువ్వెళ్లు. ఉత్త మాత్రలకైతే చీటీ నాకియ్యి, నేను నిలబడతా లైన్లో" అన్నాడు. అప్పట్నుంచి ఒక్కపూట మాత్ర తప్పలేదు. వేళ్లు వదులయ్యాకే రమ్మని, పదిన్నరకు రమ్మని మాస్టారు చెప్పారు. ఆసుపత్రి రోజున కూలి కొయ్యనని కూడా చెప్పారు, గోడ వైపు చూస్తూ, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

థాంక్స్ అనే మాట ఆ దుకాణంలో ఎవరికీ అలవాటు లేదు. బాబాయ్ చొక్కా కాలరు వెనక అరిగిపోయి పోగులు లేస్తే, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు వంకెకు తగిలించిన ఆ చొక్కాను రఫ్ఫక్క తీసుకుని చేసి, మళ్లీ అక్కడే తగిలించింది. ఆయనకు ఈనాటికీ తెలియదు. మాస్టారి కోటు జేబు మూల, అత్త శాలువా అంచు, వాళ్లాయన బ్రెడ్డు బండి మీద కప్పే గుడ్డ, అన్నీ అలాగే. వాళ్ల ఒంటి మీద ఆమె కృతజ్ఞత కనపడకుండా తిరుగుతోంది. ఆమెకు తెలిసిన మర్యాద అదే.

మూడు నెలలు నిండిన బుధవారం ఆమె స్వెట్టర్ కాయితంలో చుట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. సిస్టర్ మోచేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. కన్నం ఎక్కడుండేదో మర్చిపోయానంది. రఫ్ఫక్క ఒళ్లంతా తేలికైంది. రిపోర్టు ఇంకా చూడనేలేదు, అయినా.

డాక్టరమ్మ చూసింది. "ప్రోటీను బాగా తగ్గిందమ్మా. ఇంకొంచెం ఉంది. అదీ తగ్గుతుంది." రిపోర్టు పక్కన పెట్టి, "మందు నేనే పెంచాను. మరి మిగతాది ఎవరు చేశారు?" అని నవ్వింది.

"ముగ్గురున్నారండీ. ఇంట్లో ఒకరు" అంది రఫ్ఫక్క. తర్వాత అడిగింది: "మొదట్లో నాతోపాటు ఒక అమ్మాయి వచ్చేది. ఆకుపచ్చ గొడుగు. ఇప్పుడు రావట్లేదేంటండీ?"

డాక్టరమ్మ నవ్వు చిన్నదైంది. "సెలవివ్వరట, ఫ్యాక్టరీలో. అదే జబ్బు, అవే మందులు."

సిస్టర్ ఫైలు తీసి, మొదటి పేజీలో నీడపట్టు అన్న మాటను కొట్టేసి, దాని పైన రాసింది: కిటికీకి దూరంగా, లోపలి మూల.

రఫ్ఫక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి తర్వాతి పేషెంటు లోపలికి వెళ్లింది. చేతిలో బస్సు కండక్టర్ల టికెట్ల సంచీ, ముఖం మీద ఎర్రటి మచ్చ. తలుపు మూసుకునేలోగా డాక్టరమ్మ గొంతు వినపడింది.

"ఏం పనమ్మా? ... సరే. నువ్వు కూచునే చోట కిటికీ ఎటువైపు?"

"కిటికీనా? కుడివైపండీ. ఎందుకండీ?"

రఫ్ఫక్క బస్సుకు వెళ్లలేదు. వరండాలో బెంచీ మీద ఆగింది. కాసేపటికి ఆ టికెట్ల సంచీ మనిషి బయటికి వచ్చి, కాయితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచనట్టు బెంచీకి ఆ చివర, వరండా అద్దాల పక్కన కూలబడింది. ఎండ ఆమె చెంప మీద వాలింది.

రఫ్ఫక్క గోడవైపు కొంచెం సర్దుకుని, పక్కన చోటు చేసింది.

"ఇలా జరుగమ్మా. ఇటు నీడ ఉంది."